క్లోరిన్ లెక్క తేలాకే చిమ్నీ అంకె: రిఫార్మర్ రీజనరేషన్‌లో ఆమ్ల వాయువుల కొలత, కట్టడి

అందరికీ నమస్కారం. రిఫైనరీలో నాఫ్తాను ఎక్కువ ఆక్టేన్ ఉన్న పెట్రోలుగా మార్చే రిఫార్మర్ యూనిట్‌ను నడిపే ఆపరేటర్లు, ల్యాబ్‌లో క్లోరైడ్ చూసే కెమిస్టులు, పర్యావరణ విభాగం ఇంజినీర్లు ఒకే గదిలో కూర్చోవడం అరుదు. ఇవాళ కూర్చున్నారు కాబట్టి మీ అందరి పనినీ కలిపే విషయమే మాట్లాడతాను. వాడిన క్యాటలిస్ట్‌ను (ఉత్ప్రేరకాన్ని) మళ్లీ పనికి సిద్ధం చేయడాన్ని రీజనరేషన్ అంటాం. అక్కడి గ్యాస్ బయటికి పోయే వెంట్‌లోంచి పోయే హైడ్రోజన్ క్లోరైడ్‌ను చిమ్నీ దగ్గర మాత్రమే చూస్తే అది ఎందుకు పెరిగిందో, ఎందుకు తగ్గిందో ఎప్పటికీ తేలదు. యూనిట్‌లోకి గంటకు ఎంత క్లోరిన్ ఎక్కించాం, అందులో ఎంత క్యాటలిస్ట్ మీద నిలిచింది, మిగతాది ఏ దారిన పోయింది అన్న లెక్క ముందు చేతిలో ఉండాలి. చిమ్నీ అంకెను ఆ లెక్క పక్కన పెట్టి చదవాలి.

ముందు క్లోరిన్ ఎందుకొచ్చిందో చూద్దాం. రిఫార్మింగ్ క్యాటలిస్ట్ అంటే అల్యూమినా గుళికల మీద 0.25 నుంచి 0.35 శాతం ప్లాటినం, దాంతోపాటు బరువులో సుమారు 1 శాతం క్లోరైడ్. నాఫ్తా అణువుల నుంచి హైడ్రోజన్‌ను లాగేది ప్లాటినం. అణువుల ఆకారం మార్చే ఆమ్ల గుణాన్ని అల్యూమినాకు ఇచ్చేది క్లోరైడ్. రెండూ ఉంటేనే ఆక్టేన్ వస్తుంది. పని చేస్తున్నకొద్దీ గుళికల మీద కోక్ అనే బొగ్గులాంటి పదార్థం పేరుకుంటుంది. 1971 నుంచి వాడుకలో ఉన్న నిరంతర రీజనరేషన్ యూనిట్లలో, అంటే మనం సీసీఆర్ అనేవాటిలో, క్యాటలిస్ట్ రియాక్టర్ల నుంచి మెల్లగా దిగి రీజనరేటర్‌కు వచ్చి, కోక్ కాల్చుకుని, క్లోరిన్ పట్టించుకుని, ఆరి, హైడ్రోజన్‌లో రిడక్షన్ పొంది తిరిగి పైకి వెళ్తుంది. పాత సెమీ రీజనరేటివ్ యూనిట్లలో ఇదంతా నెలల తరబడి నడిపాక యూనిట్ ఆపి ఒకేసారి చేస్తారు.

క్లోరైడ్ పోయేది ప్రధానంగా కోక్ కాలే చోట. కోక్‌లో కార్బన్‌తోపాటు కొంత హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి, కాలినప్పుడు కార్బన్ డయాక్సైడ్‌తోపాటు నీటి ఆవిరీ పుడుతుంది. 480 డిగ్రీల దగ్గర ఆ ఆవిరి అల్యూమినా మీదున్న క్లోరైడ్‌ను హైడ్రోజన్ క్లోరైడ్‌గా ఊడదీస్తుంది. అలా పోయినదాన్ని భర్తీ చేయడానికే తర్వాతి జోన్‌లో, 510 డిగ్రీల ప్రాంతంలో, గాలితో కలిపి పెర్‌క్లోరోఇథిలీన్ లాంటి క్లోరిన్ రసాయనాన్ని ఎక్కిస్తాం. దీన్నే ఆక్సీక్లోరినేషన్ అంటాం. గుంపుగా చేరిన ప్లాటినాన్ని మళ్లీ పలచగా పరిచేదీ ఈ దశే. ఎక్కించినదంతా గుళికలు పట్టుకోవు. పట్టనిది పైకి వెళ్లి కోక్ కాలే గ్యాస్‌లో కలిసి వెంట్‌కు వస్తుంది.

క్యాటలిస్ట్ వయసు సంగతి ఇక్కడే చెప్పాలి, చాలామంది దీన్ని మరిచిపోతారు. కొత్త క్యాటలిస్ట్‌కు గ్రాముకు సుమారు 200 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. వందల సార్లు కాలి, తడిసి, ఆరి అది 130 దగ్గరకు పడిపోతుంది. ఉపరితలం తగ్గితే క్లోరైడ్‌ను పట్టి ఉంచే శక్తీ తగ్గుతుంది. అదే 1 శాతం నిలపాలంటే ఎక్కువ పెర్‌క్లోరోఇథిలీన్ ఎక్కించాలి, ఎక్కించినదాంట్లో ఎక్కువ భాగం వెంట్‌లోకే వస్తుంది. అంటే యూనిట్‌లో ఏ లోపమూ లేకపోయినా ఏటేటా, వెంట్ గ్యాస్‌ను ద్రవంతో కడిగే స్క్రబ్బర్ మీద భారం పెరుగుతూనే ఉంటుంది. కొత్త క్యాటలిస్ట్ ఉన్నప్పుడు చేసిన ఎమిషన్ పరీక్షను చూపించి నాలుగేళ్ల తర్వాత నిశ్చింతగా ఉండటం తప్పు.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. గంటకు 1,000 కిలోల క్యాటలిస్ట్ తిరిగే యూనిట్ అనుకోండి. దాని మీద 5 శాతం కోక్, అంటే గంటకు 50 కిలోలు. అందులో 47 కిలోలు కార్బన్, 3 కిలోలు హైడ్రోజన్. రీజనరేటర్‌కు వచ్చే వాడిన క్యాటలిస్ట్ మీద క్లోరైడ్ 1.0 శాతం, రీజనరేషన్ అయ్యాక 1.1 శాతం. గంటకు 2.9 కిలోల పెర్‌క్లోరోఇథిలీన్ ఎక్కిస్తున్నాం. దాని బరువులో 85.5 శాతం క్లోరిన్ కాబట్టి, ఎక్కిన క్లోరిన్ సుమారు 2.5 కిలోలు. క్యాటలిస్ట్ రియాక్టర్ల వైపు మోసుకెళ్లే అదనపు క్లోరైడ్ 0.1 శాతం, అంటే 1 కిలో. అది హైడ్రోజన్‌లోనూ ఎల్‌పీజీలోనూ చేరుతుంది; దాన్ని అక్కడి క్లోరైడ్ ట్రీటర్లు చూసుకోవాలి. మిగతా 1.5 కిలోలు వెంట్‌లోకే.

50 కిలోల కోక్ కాలితే గంటకు 3.9 కిలోమోల్స్ కార్బన్ డయాక్సైడ్, 1.5 కిలోమోల్స్ నీరు వస్తాయి. గాలి నుంచి వచ్చే నైట్రోజన్ 17.6 కిలోమోల్స్. నీరు తీసేస్తే పొడి గ్యాస్ 21.5 కిలోమోల్స్. 1.5 కిలోల క్లోరిన్ అంటే 0.042 కిలోమోల్. భాగిస్తే సుమారు 2,000 పీపీఎం (పది లక్షల భాగాల్లో 2,000 భాగాలు) హైడ్రోజన్ క్లోరైడ్. స్క్రబ్బర్ లేకుండా వదిలితే ఏడాదికి 13 టన్నులకు పైనే. ఇదే గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ 18 శాతం ఉందని కూడా రాసి పెట్టుకోండి. ఒక్కో హైడ్రోజన్ క్లోరైడ్ అణువుకు 90కి పైగా కార్బన్ డయాక్సైడ్ అణువులు. స్క్రబ్బర్‌లో వాడే కాస్టిక్ (సోడియం హైడ్రాక్సైడ్) గురించి మాట్లాడేటప్పుడు ఈ నిష్పత్తి దగ్గరకే మళ్లీ వస్తాం.

ఈ లెక్కకు ఒక హద్దుంది. ల్యాబ్ క్లోరైడ్ విశ్లేషణ 0.02 శాతం అటూఇటూ అయితే, రెండు నమూనాల తేడాలో ఆ పొరపాటు కలిసి గంటకు 0.3 కిలోల దాకా అనిశ్చితి వస్తుంది. స్క్రబ్బర్‌లోకి ఎంత వస్తోందో చెప్పడానికి అది పరవాలేదు. స్క్రబ్బర్ దాటాక 10 పీపీఎం అంటే గంటకు 8 గ్రాములే. దాన్ని తూకం లెక్కతో నిరూపించలేం, కొలవాల్సిందే. ఇంకోమాట: క్యాటలిస్ట్ నమూనా గాలిలో తేమ పీలుస్తుంది. వాడిన క్యాటలిస్ట్ మీద కోక్ బరువూ ఉంటుంది. రెండు నమూనాలనూ తేమ, కోక్ తీసేసిన ఆధారం మీద లెక్కించకపోతే ఆ 0.1 శాతం తేడాకు అర్థమే ఉండదు.

కొలతకు ముందు ఎంతకు కట్టుబడాలో చెప్పాలి. ప్రపంచంలో ఎక్కువగా ఉదహరించేది అమెరికా పర్యావరణ సంస్థ నిబంధన, సబ్‌పార్ట్ యూయూయూ. దాని ప్రకారం సీసీఆర్ యూనిట్లు, సైక్లిక్ (రియాక్టర్లను వంతులవారీగా పక్కకు తీసి రీజనరేట్ చేసే) యూనిట్లు హైడ్రోజన్ క్లోరైడ్‌ను 97 శాతం తగ్గించాలి, లేదా 3 శాతం ఆక్సిజన్‌కు సరిచేసిన పొడి గ్యాస్‌లో 10 పీపీఎంకు దించాలి. ఇప్పటికే ఉన్న సెమీ రీజనరేటివ్ యూనిట్లకు 92 శాతం లేదా 30 పీపీఎం. ఇవి కోక్ కాల్చే దశకూ క్లోరిన్ పట్టించే దశకూ వర్తిస్తాయి. మన ఉదాహరణలో 2,000 పీపీఎంను 97 శాతం తగ్గిస్తే 60 పీపీఎం మిగులుతుంది. 10 పీపీఎం చేరాలంటే 99.5 శాతం కావాలి. ఏ దారి ఎంచుకున్నారో స్పష్టంగా ఉండాలి. శాతం దారి అయితే స్క్రబ్బర్ ముందూ వెనకా ఒకే సమయంలో కొలవాలి.

3 శాతం ఆక్సిజన్ సవరణ అంటే, కొలిచిన పీపీఎంను 17.9తో గుణించి, 20.9లోంచి కొలిచిన ఆక్సిజన్ శాతాన్ని తీసివేయగా వచ్చినదానితో భాగించడం. వెంట్‌లో ఆక్సిజన్ 0.8 శాతమే ఉంటే 11 పీపీఎం కాస్తా 9.8 అవుతుంది. ఎక్కడో ఫ్లాంజ్ లీకై, లేదా నమూనా పైపులో సందు ఉండి బయటి గాలి కలిసి ఆక్సిజన్ 12 శాతం అయిందనుకోండి. అప్పుడు 8 పీపీఎం చదివిన గ్యాస్ సరిచేశాక 16 అవుతుంది. కాబట్టి ఆక్సిజన్‌ను అదే చోట, అదే సమయంలో కొలవాలి. రీజనరేటర్ కంట్రోల్‌లో ఉండే ఆక్సిజన్ అనలైజర్ అంకె తెచ్చి ఇక్కడ వేయకూడదు. ఆ రెండూ ఒకే గ్యాస్ కావు.

ఇక నమూనా. ఇంపింజర్లు అంటే గ్యాస్‌ను ద్రవంలోంచి బుడగలుగా పంపే గాజు సీసాలు. ఆ అమెరికా సంస్థ ఇంపింజర్ పద్ధతిని మెథడ్ 26 అంటారు. వేడిగా ఉంచిన గాజు ప్రోబ్, వెనక వేడి ఫిల్టర్, ఆ తర్వాత మంచునీటిలో వరసగా చిన్న ఇంపింజర్లు. మొదటి రెండింటిలో 15 మిల్లీలీటర్ల చొప్పున 0.1 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం, తర్వాతి రెండింటిలో 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్, చివర సిలికా జెల్. హైడ్రోజన్ క్లోరైడ్ ఆమ్లంలోనే కరిగిపోతుంది. క్లోరిన్ ఆమ్లంలో పెద్దగా కరగదు కాబట్టి క్షారంలోకి వెళ్తుంది. క్షారంలో ఒక్కో క్లోరిన్ అణువు ఒక క్లోరైడ్‌నూ ఒక హైపోక్లోరైట్‌నూ ఇస్తుంది. అందుకే ఆ ద్రావణానికి సోడియం థయోసల్ఫేట్ కలిపి రెండోదాన్నీ క్లోరైడ్ చేస్తారు. అది కలిపారో లేదో రాయని నివేదికలో క్లోరిన్ అంకె సగమో మొత్తమో తెలియదు.

నిమిషానికి 2 లీటర్ల చొప్పున గంట లాగితే 120 లీటర్లు. 10 పీపీఎం అంటే 20 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకు 15.2 మిల్లీగ్రాములు. అంటే గంటలో పట్టేది 1.8 మిల్లీగ్రాములే. ఇంపింజర్లు కడిగి 100 మిల్లీలీటర్లకు చేస్తే లీటరుకు 18 మిల్లీగ్రాముల క్లోరైడ్. అయాన్ క్రొమటోగ్రాఫ్‌కు ఇది సులువైన పని. కష్టమంతా ఆ 1.8 మిల్లీగ్రాములు ఇంపింజర్ దాకా చేరాయా అన్నదాంట్లోనే ఉంది. ప్రోబ్‌లో ఒకచోట వేడి తగ్గి గోడకు తేమ పట్టిందా, హైడ్రోజన్ క్లోరైడ్ అక్కడే కరిగిపోతుంది, ఇంపింజర్‌లో ఏమీ కనపడదు. అందుకే ప్రోబ్, ఫిల్టర్ 120 డిగ్రీలకు పైన ఉండాలి. ప్రోబ్ చివర నుంచి ఫిల్టర్ గూడు కీలు దాకా ఎక్కడా తగ్గకూడదు. నమూనా తీయడం మొదలుపెట్టే ముందు కనీసం 5 నిమిషాలు గ్యాస్‌ను లాగి బయటికి వదలాలి, గోడలు సర్దుకోవాలి.

ఇంత జాగ్రత్త పడ్డా, 20 పీపీఎం కన్నా తక్కువ ఉన్నప్పుడు ప్రోబ్‌లోనూ ఫిల్టర్‌లోనూ ఉండే కొద్దిపాటి తేమ వల్ల ఈ పద్ధతి తక్కువ చూపించే అవకాశం ఉంది. మన హద్దు 10. కాబట్టి 2 పీపీఎం అని నివేదిక వస్తే సంబరపడకుండా ముందు ప్రోబ్ ఉష్ణోగ్రత పట్టిక అడగండి.

తడి స్క్రబ్బర్ తర్వాత కొలిచేటప్పుడు బిందువుల సమస్య వస్తుంది. బిందువులను ఆపే డిమిస్టర్ పాడై ఘనపు మీటరుకు అర గ్రాము ద్రవం ఎగిరి వస్తోందనుకోండి. ఆ ద్రవంలో 5 శాతం ఉప్పు ఉంటే 25 మిల్లీగ్రాముల సోడియం క్లోరైడ్. అందులోని క్లోరైడ్‌ను హైడ్రోజన్ క్లోరైడ్‌గా చదివితే 10 పీపీఎంకు పైనే. ఒక్క బిందువుల వల్లే హద్దు నిండిపోయిందన్నమాట. వేడి ఫిల్టర్ ఆ ఉప్పును ఆపాలి. కానీ అదే ఫిల్టర్ మీద చేరిన క్షారం గ్యాస్‌లోని నిజమైన హైడ్రోజన్ క్లోరైడ్‌ను మింగుతుంది. ఒక పొరపాటు అంకెను పెంచుతుంది, రెండోది తగ్గిస్తుంది. బిందువులుంటే గ్యాస్ వేగానికి సమానంగా లాగే ఐసోకైనెటిక్ పద్ధతి, మెథడ్ 26ఏ వాడాలి; ముందు సైక్లోన్ పెట్టాలి; పరీక్ష తర్వాత ఫిల్టర్ తడిగా కనిపిస్తే పొడి గాలితో ఆరబెట్టి, విడుదలైనదాన్నీ ఇంపింజర్‌లోకే పంపాలి. అన్నిటికన్నా ముందు డిమిస్టర్ బాగు చేయించాలి.

పరారుణ కిరణాలతో గ్యాస్‌ను కొలిచే ఎఫ్‌టీఐఆర్ అనలైజర్ గురించి అడుగుతుంటారు. 180 డిగ్రీల వేడి లైనుతో, తడి గ్యాస్‌ను అలాగే చూసే పద్ధతి మంచిదే. నిమిషం నిమిషానికీ మార్పు కనిపిస్తుంది. అయితే రెండు విషయాలు. మొదటిది, అది తడి ఆధారం మీద చదువుతుంది, పొడికి మార్చుకోవాలి. రెండోది, క్లోరిన్ అణువు పరారుణ కిరణాలను పీల్చుకోదు. ఎఫ్‌టీఐఆర్‌కు క్లోరిన్ ఎంతున్నా కనపడదు. 1.74 మైక్రాన్ల దగ్గర పనిచేసే లేజర్ అనలైజర్‌కూ అంతే. పీహెచ్ పడిపోయిన స్క్రబ్బర్‌లోంచి ముందు తప్పించుకునేది క్లోరినే కాబట్టి ఇది చిన్న లోపం కాదు.

క్లోరిన్ ఎంతుంటుంది అనేది వెంట్‌ను ఎక్కడి నుంచి తీశారన్నదాని మీద ఆధారపడుతుంది. హైడ్రోజన్ క్లోరైడ్, ఆక్సిజన్ కలిసి క్లోరిన్, నీరు ఇచ్చే చర్య రెండు వైపులా నడుస్తుంది. ఆక్సిజన్ ఎక్కువ, నీరు తక్కువ ఉన్న ఆక్సీక్లోరినేషన్ జోన్‌లో క్లోరిన్ వైపు మొగ్గుతుంది. ఆక్సిజన్ 1 శాతం లోపు, నీరు 6 శాతం ఉన్న కోక్ కాలే జోన్‌లో హైడ్రోజన్ క్లోరైడ్ వైపు మొగ్గుతుంది. సెమీ రీజనరేటివ్ యూనిట్‌లో కోక్ అంతా కాలాక గాలితో క్లోరిన్ పట్టించే గంటల్లోనే క్లోరిన్ ఎక్కువగా వస్తుంది. పరీక్ష కోక్ కాలే దశలో మాత్రమే చేస్తే అది దొరకదు.

ఇప్పుడు స్క్రబ్బర్. సాధారణ అమరికలో వేడి వెంట్ గ్యాస్ వెంచూరీ అనే ఇరుకైన గొంతులో కాస్టిక్ ద్రావణంతో కలుస్తుంది, తర్వాత ప్యాక్ చేసిన టవర్, పైన డిమిస్టర్. హైడ్రోజన్ క్లోరైడ్‌కు నీటి మీద ఎంత మక్కువంటే, మామూలు నీటితో కూడా చాలా భాగం దిగిపోతుంది. కాస్టిక్ ఎందుకంటే దిగిన ఆమ్లం లోహాన్ని తినకుండా ఉండటానికి, క్లోరిన్‌ను పట్టుకోవడానికి.

ఇక్కడే ఆ 90కి ఒకటి నిష్పత్తి పని చేస్తుంది. 0.042 కిలోమోల్ హైడ్రోజన్ క్లోరైడ్‌కు కావలసిన కాస్టిక్ గంటకు 1.7 కిలోలు. గ్యాస్‌లోని కార్బన్ డయాక్సైడ్ అంతా బైకార్బొనేట్‌గా మారితే కావలసింది 157 కిలోలు. టవర్‌లో అంతా మారదు. పదో వంతు మారినా 15 కిలోలకు పైనే, బయటికి వచ్చే బైకార్బొనేట్ 33 కిలోలు. అంటే మీరు కొనే కాస్టిక్‌లో ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడ్‌కే పోతోంది. అయితే బైకార్బొనేట్ వృథా కాదు. హైడ్రోజన్ క్లోరైడ్‌ను అది కూడా చక్కగా తటస్థం చేస్తుంది. 18 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న గ్యాస్‌తో సమతుల్యానికి వచ్చిన బైకార్బొనేట్ ద్రావణం పీహెచ్ 8 నుంచి 8.5 మధ్య నిలుస్తుంది. మీ స్క్రబ్బర్ సహజంగా నిలబడాల్సిన చోటు అదే.

చాలా కంట్రోల్ రూముల్లో పీహెచ్ సెట్‌పాయింట్ 9.5, 10 అని ఉంటుంది. కంట్రోలర్ కాస్టిక్ పోస్తూనే ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ కిందికి లాగుతూనే ఉంటుంది. నీళ్లు పోసి బురద తోడినట్టే ఆ పని. ఖర్చు ఒక్కటే కాదు నష్టం. 20 డిగ్రీల దగ్గర 100 మిల్లీలీటర్ల నీటిలో సోడియం బైకార్బొనేట్ 9.6 గ్రాములే కరుగుతుంది. బ్లోడౌన్ (బయటికి తీసేసే వాడిన ద్రావణం) పెంచకుండా కాస్టిక్ పెంచితే, ప్రవాహం లేని పైపు ముక్కల్లో (డెడ్ లెగ్‌లలో), పీహెచ్ మీటరు నమూనా గొట్టంలో, నాజిల్ దగ్గర స్ఫటికాలు కడతాయి. భర్తీకి పోసే మేకప్ నీటిలో కాల్షియం ఉంటే వెంచూరీ గొంతులో కాల్షియం కార్బొనేట్ పొర పట్టి గ్యాస్ ఒక పక్కనుంచే పోతుంది. మేకప్‌కు కండెన్సేట్ గానీ డీమినరలైజ్డ్ నీరు గానీ వాడాలి. ముడి నీరు వాడితే ఆదా అయ్యేదానికన్నా టవర్ తెరిచి శుభ్రం చేసే ఖర్చే ఎక్కువ.

పీహెచ్ తగ్గడం వైపు చూద్దాం. 7 కిందికి పోతే బైకార్బొనేట్ అయిపోతున్నట్టు. హైడ్రోజన్ క్లోరైడ్ ఇంకా దిగుతూనే ఉంటుంది కాబట్టి గ్యాస్ తాకితే రంగు మారే గాజు గొట్టం, అంటే రంగు ట్యూబు, పెద్దగా ఏమీ చెప్పదు. క్లోరిన్ మాత్రం పట్టుబడదు, ద్రవంలోని హైపోక్లోరైట్ కూడా హైపోక్లోరస్ ఆమ్లంగా, క్లోరిన్‌గా వెనక్కి తిరిగి గ్యాస్‌లోకి వస్తుంది. పంపులు, పైపులు తినడం మొదలవుతుంది. అందుకే హైపోక్లోరైట్ పేరుకునే యూనిట్లలో సోడియం సల్ఫైట్ లేదా థయోసల్ఫేట్ కొద్దిగా కలిపి దాన్ని ఉప్పుగా మార్చేస్తారు. బ్లోడౌన్ నీటి శుద్ధి విభాగానికి వెళ్తుంది, అక్కడి బ్యాక్టీరియాకు హైపోక్లోరైట్ విషం. వాళ్లకు చెప్పకుండా పంపకండి. ఆక్సీక్లోరినేషన్ పరిస్థితుల్లో అతి కొద్దిగా డయాక్సిన్లు అనే విష పదార్థాలు పుడతాయి, అవి కడిగిన నీటిలో దొరికాయి. ఆ నీటిని ఎక్కడికి పంపుతున్నామన్నది అందుకూ ముఖ్యమే.

అమెరికా నిబంధన తడి స్క్రబ్బర్‌కు రోజువారీగా చూడమనేది రెండు అంకెలు: స్క్రబ్బర్ నుంచి బయటికొచ్చే నీటి పీహెచ్, ద్రవానికీ గ్యాస్‌కూ నిష్పత్తి. పరీక్ష పాసైన రోజున ఉన్న విలువలే మీ హద్దులవుతాయి. కాబట్టి పరీక్ష రోజున పీహెచ్ 10కి పెంచి, రెండు పంపులు నడిపి పాస్ చేయించారంటే, ఆ తర్వాత ప్రతి రోజూ అలాగే నడపాలి. మామూలుగా నడిపే పరిస్థితిలో, క్లోరైడ్ ఎక్కింపు ఎక్కువగా ఉన్నప్పుడు పరీక్ష చేయించుకోవడమే మంచిది.

పీహెచ్ ఎలక్ట్రోడ్ మీద ఆధారపడే ఈ వ్యవస్థలో ఎలక్ట్రోడ్ మురికిపడితే అన్నీ చీకటే. రెండు ఎలక్ట్రోడ్లు పెట్టండి. రెండింటికీ 0.3 కన్నా తేడా వస్తే అలారం. షిఫ్టుకు ఒకసారి నమూనా పట్టి బల్ల మీద మీటరుతో సరిచూడండి, కానీ పట్టిన వెంటనే చూడండి. గాజు కుప్పెలో కార్బన్ డయాక్సైడ్ పోతున్నకొద్దీ పీహెచ్ పెరుగుతుంది.

తుప్పు గురించి ఒక్కటే చెబుతాను. వెంచూరీ దగ్గర వేడి పొడి గ్యాస్ మొదటిసారి ద్రవాన్ని తాకే గీత ఉంటుంది. అక్కడ లోహం తడుస్తూ ఆరుతూ ఉంటుంది, క్లోరైడ్ చిక్కబడుతుంది. 300 సిరీస్ స్టెయిన్‌లెస్ స్టీల్ అక్కడ పగులుతుంది. అందుకే ఆ ముక్కను ఇంకొనెల్ 625 లేదా హాస్టెలాయ్ సీ276 లాంటి మిశ్రమంతో చేస్తారు. దాని ముందున్న పైపులో ఇన్సులేషన్ ఊడిన ఫ్లాంజ్, వాడని డ్రెయిన్ ఇవన్నీ డ్యూ పాయింట్ (ఆవిరి ద్రవంగా దిగే ఉష్ణోగ్రత) కిందికి చల్లబడి లోపల ఆమ్లం కార్చే చోట్లు.

కాస్టిక్ వద్దనుకునే వాళ్లకు రెండు దారులున్నాయి. ఒకటి యూఓపీ కంపెనీ వాళ్ల క్లోర్‌సార్బ్: వెంట్ గ్యాస్‌ను సుమారు 150 డిగ్రీలకు చల్లబరిచి, రీజనరేటర్‌లోకి దిగబోయే వాడిన క్యాటలిస్ట్ గుండానే పంపుతారు. గుళికలే హైడ్రోజన్ క్లోరైడ్‌ను పట్టుకుని మళ్లీ రీజనరేటర్‌లోకి తెస్తాయి, పెర్‌క్లోరోఇథిలీన్ ఖర్చు తగ్గుతుంది. ఆలోచన అందమైనది, నడపడం సున్నితమైనది. ఉష్ణోగ్రత పెరిగితే పట్టు తగ్గుతుంది, మరీ తగ్గితే నీరు దిగి చల్లబరిచే ఎక్స్ఛేంజరూ వెంట్ పైపూ తుప్పు పడతాయి. ఉపరితలం తగ్గిన పాత క్యాటలిస్ట్ తక్కువ పట్టుకుంటుంది, అదే సమయంలో వచ్చే భారం ఎక్కువ. అమెరికా నిబంధన ఈ వ్యవస్థకు గ్యాస్ ఉష్ణోగ్రతతోపాటు వారానికోసారి క్యాటలిస్ట్ క్లోరైడ్ చూడమంటుంది: లోపలికి వెళ్లేటప్పుడు 1.35 శాతం, బయటికి వచ్చేటప్పుడు 1.8 శాతం దాటకూడదు.

రెండోది, కదలకుండా ఒకేచోట ఉండి, నీరు లేకుండానే హైడ్రోజన్ క్లోరైడ్‌ను పీల్చుకునే గుళికల బెడ్. దీనికి వారానికోసారి రంగు ట్యూబుతో బెడ్ పొడవులో 90 శాతం లోపు ఉన్న చోట నమూనా తీయాలి. చివరి పొర నిండకముందే తెలియడానికే ఆ నియమం. బెడ్‌ను ఎప్పుడూ డ్యూ పాయింట్‌కు పైనే ఉంచాలి. ఒక్కసారి తడిస్తే గుళికలు అతుక్కుపోయి గ్యాస్ ఒక సందులోంచి దూసుకుపోతుంది.

ఆగిపోయే సమయాల గురించి. స్క్రబ్బర్ పంపు ట్రిప్ అయితే ముందు ఆపాల్సింది క్లోరైడ్ ఎక్కింపు. తర్వాత రీజనరేటర్ హాట్ షట్‌డౌన్. గ్యాస్ ఆపకుండా ద్రవం ఆగితే వెంచూరీ తర్వాతి ప్యాకింగ్ దెబ్బతింటుంది, అది ప్లాస్టిక్ అయితే నిమిషాల్లో కరిగిపోతుంది. క్లోరైడ్ ఎక్కింపును పంపు ప్రవాహంతో ఇంటర్‌లాక్ చేయండి, ఆపరేటర్ జ్ఞాపకానికి వదలకండి.

ప్రశ్నలుంటే అడగండి.

[ప్రశ్న: సెట్‌పాయింట్ 8.3కి తగ్గిస్తే ఇన్‌స్పెక్టర్ అడిగినప్పుడు ఏం చూపించాలండీ?]

పరీక్షే చూపించాలండీ. 8.3 దగ్గర, పాత క్యాటలిస్ట్‌తో, ఎక్కువ ఎక్కింపుతో పరీక్ష చేయించి అది పాసైతే అదే మీ హద్దు. పరీక్ష లేకుండా మాత్రం ఒక్క రోజు కూడా తగ్గించకూడదు. పరీక్షలో హైడ్రోజన్ క్లోరైడ్‌తోపాటు క్షార ఇంపింజర్లలోని క్లోరిన్‌ను కూడా రాయించుకోండి. హద్దు హైడ్రోజన్ క్లోరైడ్‌కే అయినా, పీహెచ్ సరిపోయిందా లేదా అన్నది ముందు చెప్పేది క్లోరినే.

[ప్రశ్న: మా దగ్గర రంగు ట్యూబు ఎప్పుడూ సున్నానే చూపిస్తోంది సార్, కానీ టవర్ తర్వాత వెంట్ పైపు మూడో ఏడుకే పలచబడిపోయింది. ఏది నమ్మాలి?]

పైపును నమ్మండి. టవర్ తర్వాత గ్యాస్ నీటి ఆవిరితో నిండి ఉంటుంది. ట్యూబు దాకా వచ్చే గొట్టంలో అది చల్లబడితే నీరు దిగి హైడ్రోజన్ క్లోరైడ్‌ను తీసుకుపోతుంది, ట్యూబుకు ఖాళీ గ్యాస్ అందుతుంది. ముందు ఆ గొట్టం విప్పి శుద్ధమైన నీటితో కడిగి, ఆ నీటిలో క్లోరైడ్ చూడండి. దొరికిందంటే మీ సున్నాలన్నీ గొట్టంలోనే ఉన్నాయి. గొట్టాన్ని వీలైనంత పొట్టిగా, టెఫ్లాన్‌తో, వేడిగా ఉంచి, చాలాసేపు గ్యాస్ పారనిచ్చాక ట్యూబు పెట్టండి. ట్యూబు గడువు తేదీ కూడా చూడండి. అప్పటికీ సున్నానే వస్తే డిమిస్టర్ తెరవండి. బిందువుల్లో వచ్చే ఉప్పును, హైపోక్లోరైట్‌ను హైడ్రోజన్ క్లోరైడ్ ట్యూబు ఆమ్లంగా చూపించదు, పైపును మాత్రం అవి తింటాయి. పైపు అడుగున నిలిచిన నీరు పట్టి పీహెచ్, క్లోరైడ్, హైపోక్లోరైట్ మూడూ చూపించండి. పీహెచ్ 8 పైన ఉండి క్లోరైడ్ ఎక్కువగా ఉంటే అది టవర్ ద్రవమే, డిమిస్టర్ పని. పీహెచ్ 3, 4 ఉంటే ఆమ్లం టవర్ దాటి వస్తోంది, వెంచూరీ నాజిళ్లు, ద్రవ ప్రవాహ మీటరు ఆ రోజే చూడండి.